రాసినదానికి డబ్బులడగడానికి మొహమాటం దేనికి?

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్క్‌లో ఎనిమిదేళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. మావారికి ట్రాన్స్‌ఫర్ కావడంతో రెండేళ్ల క్రితం హనుమకొండ వచ్చేశాం. పాప ఒకటో తరగతి, బాబుకి మూడేళ్లు. పద్నాలుగు నెలలుగా ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా రాస్తున్నాను. ఒక ఏజెన్సీకి ఇంగ్లీషు నుంచి తెలుగు అనువాదాలు చేస్తాను, పదానికి 80 పైసలు. 1,500 పదాలకు ఐదు గంటలు పడుతుంది. ఒక యూట్యూబ్ చానల్‌కి స్క్రిప్టులు రాస్తాను. ఒక్కోటి వెయ్యి రూపాయలు, మార్పులతో కలిపి ఎనిమిది గంటల పని. ఒక ఆడియో యాప్‌కి సీరియల్ ఎపిసోడ్లు, ఒక్కోదానికి 500, మూడు గంటల పని. ఒకసారి మాత్రం తెలిసినవాళ్ల ద్వారా ఒక స్వచ్ఛంద సంస్థకు గర్భిణుల ఆరోగ్యం మీద నాలుగు పేజీల పుస్తకం రాసిచ్చాను. పన్నెండు గంటల పనికి 6 వేలు ఇచ్చారు.

ఒక నెల 9 వేలు వస్తే ఇంకో నెల 31 వేలు. యూట్యూబ్ వాళ్లు 18 వేలు బాకీ. అడగాలంటే మొహమాటం, మళ్లీ పని ఇవ్వరేమోనని భయం. ఇప్పుడు ఏజెన్సీ వాళ్లు మెషీన్ చేసిన అనువాదం పంపి, సరిదిద్దితే చాలు, పదానికి 30 పైసలు ఇస్తామంటున్నారు. మా అత్తమ్మ మంచిదే, కానీ ఇంట్లోనే ఉంటావు కదా అని ప్రతి పనికీ పిలుస్తుంది. నావంటూ రాద్దామనుకున్న కథలు ఏడాదిగా మూడో పేజీ దగ్గరే ఆగాయి. తెలుగులో రాసి బతకడం కుదురుతుందా? మళ్లీ ఉద్యోగంలో చేరిపోనా? ఇంకో చిన్న విషయం. పాపను స్కూలు మారుస్తున్నాం. ఫారంలో ‘తల్లి వృత్తి’ దగ్గర ఏం రాయాలో తెలియక ఖాళీగా ఉంచాను.
ఒక సోదరి, హనుమకొండ

జవాబు: చెల్లెమ్మా, మీరు చాలా ప్రశ్నలు అడిగారు కానీ వాటన్నిటి వెనకా నాకు ఒకటే కనిపించింది. బాకీ అడగడానికి మొహమాటం. రేటు పెంచమనడానికి మొహమాటం. పదకొండింటికి అత్తమ్మ పిలిస్తే పనిలో ఉన్నానని చెప్పడానికి మొహమాటం. చివరికి స్కూల్ ఫారంలో మీ వృత్తి రాసుకోవడానికి కూడా మొహమాటమే. తెలుగులో రాసి బతకడం కుదురుతుంది. పందొమ్మిదేళ్లుగా నేను అలాగే బతుకుతున్నాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను. మొహమాటపడుతూ బతకడం మాత్రం కుదరదు. మొదటి ఐదేళ్లూ నేను అలాగే ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. అక్షరానికి వెల కట్టడం తప్పన్న భావం మనలో చిన్నప్పుడే నాటుకుపోతుంది. మీకు దగ్గర్లోనే ఉన్న బమ్మెర పోతన గారి కథ అందరం విన్నదే. భాగవతాన్ని రాజుకి అంకితం ఇవ్వనన్నారు, కన్నీళ్లు పెట్టుకున్న సరస్వతికి నిన్ను అమ్ముకోనని మాటిచ్చారు. ఆ కథంటే నాకు ప్రాణం. కానీ అదే కథలో పోతన గారు నాగలి పట్టి సేద్యం చేసుకున్నారని కూడా ఉంది. ఇంట్లోకి గింజలు పొలం నుంచి వచ్చాయి. మీకూ నాకూ పొలం లేదు. అదీగాక మీరు ఏజెన్సీకి ఇస్తున్నది భాగవతం కాదు, వాళ్లు అమ్ముకునే సరుకులో ఒక భాగం. శ్రీశ్రీ అంతటి కవి మద్రాసులో డబ్బింగ్ సినిమాలకు పెదాల కదలికకు సరిపడేలా మాటలు కూర్చారు. దానివల్ల ఆయన కవిత్వం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

సరే, లెక్కల్లోకి వద్దాం. మీరు పంపిన వివరాలను నేను కాగితం మీద వేసి చూశాను. అనువాదంలో మీకు గంటకు 240 రూపాయలు పడుతోంది. ఆడియో ఎపిసోడ్‌లో 167. యూట్యూబ్ స్క్రిప్టులో 125. ఆ ఆరోగ్యం పుస్తకంలో 500. మీరు రాసిన నాలుగు పనుల్లో యూట్యూబ్‌దే అన్నిటికన్నా తక్కువ, పైగా బాకీ పెట్టింది కూడా వాళ్లే. 18 వేలంటే 18 స్క్రిప్టులు. 144 గంటలు. మీ జీవితంలో ఆరు పగళ్లు, ఆరు రాత్రులు నిద్ర లేకుండా వాళ్లకు ఉచితంగా ఇచ్చినట్టు. దీన్ని బాకీ అని కాకుండా ఇలా గంటల్లో చూడండి, మొహమాటం దానంతటదే సగం కరుగుతుంది.

ఇద్దరు చిన్నపిల్లలతో మీకు వారానికి ఎన్ని రాసే గంటలు దొరుకుతాయి? పొద్దున మూడు, పిల్లలు పడుకున్నాక రెండు అనుకున్నా, ఐదు రోజులకు పాతిక. నెలకు వంద. అంతకంటే ఎక్కువ లెక్క వేసుకోకండి, జ్వరాలూ పండగలూ చుట్టాలూ ఉంటారు. ఆ వంద గంటలూ 240 చొప్పున అమ్మితే 24 వేలు. మీకు నెలకు 40 వేలు కావాలంటే గంటకు 400 రావాలి. ఇంకా ఎక్కువసేపు మేలుకుని రాయడం వల్ల ఆ తేడా పూడదు. పని మారాలి, లేదా రేటు మారాలి. చాలామంది ఫ్రీలాన్సర్లు ఇక్కడే దెబ్బతింటారు. రాబడి చాలకపోతే ఇంకో రెండు స్క్రిప్టులు ఒప్పుకుంటారు, నడుం నొప్పి తెచ్చుకుంటారు, రాతంటేనే విసుగు పుట్టేదాకా లాగుతారు.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు ఒకటి తప్పకుండా అడగండి. ఆ 80 పైసలు ఇంగ్లీషు పదానికా, తెలుగు పదానికా? ఇంగ్లీషులో మూడు నాలుగు పదాలకు సరిపడే అర్థం మనం ఒక్క మాటలో ప్రత్యయాలతో ఇమిడ్చేస్తాం. ‘వెళ్లలేకపోయాను’ ఒక్క పదం. అందుకే ఇంగ్లీషులో వెయ్యి పదాలున్న వ్యాసం తెలుగులోకి వచ్చేసరికి పదాల సంఖ్య బాగా తగ్గిపోతుంది. తెలుగు పదాల లెక్కన ఇస్తున్నారంటే మీకు తెలియకుండానే రేటు కోసేస్తున్నట్టు.

మెషీన్ అనువాదం సంగతి. దాన్ని చూసి భయపడకండి, అలాగని కొట్టిపారేయకండి కూడా. నోటీసులు, మామూలు ఉత్తరాలు, సరుకుల వివరాల వంటివి అది ఇప్పుడు బాగానే చేస్తోంది, ఆ పనులకు ఇక డబ్బు పెద్దగా రాదు. నేను ఒకసారి గడియారం పెట్టుకుని అలాంటి వెయ్యి పదాలు దిద్దాను. రెండున్నర గంటలు పట్టింది. 30 పైసల చొప్పున మూడొందలు, అంటే గంటకు 120. వాళ్లకు చెప్పవలసిన మాట ఇది: "దిద్దే పనికి పదాల లెక్కన చేయను, గంట లెక్కన చేస్తాను." కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లను వదిలేయండి.

మెషీన్‌కి చేతకానిది ఏమిటో మీకు బాగా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇకపై మీరు అమ్మేది అదే. పోయిన ఏడాది నాకు దిద్దమని ఒక పిల్లల కథ వచ్చింది. అందులో ఒక అబ్బాయికి ‘అంకుల్’ చేపలు పట్టడం నేర్పిస్తాడు. మెషీన్ ఒక పేజీలో ‘మామయ్య’ అంది, రెండో పేజీలో ‘బాబాయి’ అంది, ఇంకోచోట ‘అంకుల్’ అనే ఉంచేసింది. ఆయన అమ్మ తమ్ముడా, నాన్న తమ్ముడా అన్నది ఇంగ్లీషులో ఎక్కడా లేదు. నేను ప్రచురణకర్త ద్వారా రచయితను అడిగాను. అమ్మ తరఫు అని జవాబొచ్చింది. ‘మామయ్య’ అనగానే కథలో చనువు మారిపోయింది, ఆ అబ్బాయి ఆయన్ని ‘నువ్వు’ అనడం మొదలుపెట్టాడు, సంభాషణలన్నీ మళ్లీ రాయాల్సి వచ్చింది. ఒక్క పదం కోసం ఒక పూట పట్టింది. మంచి ప్రచురణకర్త ఆ పూటకి డబ్బిస్తాడు.

మీ ఆరోగ్యం పుస్తకం కూడా అలాంటిదే. అటువంటి కాగితాలు సాధారణంగా ఎలా ఉంటాయో చూసే ఉంటారు: "గర్భిణీ స్త్రీలు ఐరన్ మాత్రలను వైద్యుల సలహా మేరకు క్రమం తప్పకుండా సేవించవలెను. మాత్రలతో పాటు టీ సేవనం నివారించవలెను." ఒక పల్లెలో ఆశా కార్యకర్త దీన్ని చదివి వినిపిస్తే ఎవరి చెవిలోకీ ఎక్కదు. మీరు దాన్ని ఇలా రాసి ఉంటారు: "డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్ర రోజూ వేసుకోండి. మాత్ర వేసుకునే టైంలో టీ తాగకండి, తాగితే ఒంటికి పట్టదు." డెస్క్‌లో ఎనిమిదేళ్లు వార్తా ఏజెన్సీల కాపీల్ని మామూలు మనిషి భాషలోకి తెచ్చిన చెయ్యి మీది. ఆ నేర్పుకు గిరాకీ ఉంది. గంటకు 500 ఊరికే ఇవ్వలేదు వాళ్లు.

కాబట్టి ఆ వైపు వెళ్లండి. ఆరోగ్యం, చదువు, వ్యవసాయం మీద పనిచేసే సంస్థలకు తెలుగులో తేటగా రాసేవాళ్లు ఎప్పుడూ కావాలి, దొరకరు. ఒక్క పుస్తకం రాసిచ్చి ఊరుకున్నారు మీరు. ఆ పుస్తకాన్నే నమూనాగా పెట్టి వరంగల్, హైదరాబాద్‌లలో ఇలాంటి పది సంస్థలకు మెయిల్ పెట్టండి. పొడుగు ఉత్తరం వద్దు. మీరెవరో రెండు వాక్యాలు, ఆ నాలుగు పేజీల పీడీఎఫ్, మీ రేటు. పది మందిలో ఏడుగురు జవాబివ్వరు, అది మామూలే. మూడు వారాలాగి మళ్లీ పెట్టండి. నాకు పని ఇచ్చినవాళ్లలో చాలామంది రెండో మెయిల్‌కే పలికారు.

పిల్లల పుస్తకాలూ మీకు నప్పుతాయనిపిస్తోంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. అక్కడి కథలను ఎవరైనా తెలుగులోకి అనువదించి తమ పేరుతో పెట్టవచ్చు. దానికి డబ్బు రాదు, కాబట్టి రెండు మూడు కథలు చేసి ఆపేయండి. కానీ ప్రచురణకర్తలకు చూపించడానికి మీ పేరున్న పని చేతిలో ఉంటుంది. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి ఒకరోజు వెళ్లండి. కొనడానికే కాదు, ఏ స్టాల్ వాళ్లు అనువాదాలు వేస్తున్నారో, లోపలి పేజీలో అనువాదకుల పేరు వేస్తున్నారో లేదో తిరగేసి చూసి రాసుకోండి. పేరు కూడా వేయనివాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

ఇంకో పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నా సంసారాన్ని చాలాకాలం నిలబెట్టింది అదే. పెద్దవాళ్ల జీవిత కథలు. రిటైరైన టీచర్లు, ఇంజనీర్లు, రైతులు తమ బతుకు కథ రాయించుకోవాలనుకుంటారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు నాన్న డెబ్బై ఐదో పుట్టినరోజుకి పుస్తకం వేయిద్దామనుకుంటారు. మీరు వెళ్లి పది పన్నెండు సార్లు కూర్చుని, రికార్డు చేసుకుని, ఆయన మాట తీరు చెడకుండా రాయాలి. మూడు నాలుగు నెలల పని. డబ్బు మూడు విడతలుగా: మొదలుపెట్టే ముందు మూడో వంతు, మొదటి ప్రతి ఇచ్చాక మూడో వంతు, ప్రూఫులకు ముందు మిగతాది. ఈ పనిలో డబ్బే కాదు, కథలు రాసేవాళ్లకి అంతకన్నా పెద్ద జీతం ఉంది. మానుకోట దగ్గర ఒక పెద్దాయన చిన్నప్పుడు గడీలో వెట్టి చేసిన తల్లి గురించి చెబుతూ, ఆమె కాలికి అంటిన సున్నం ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదన్నారు. ఆ సున్నం నాకు ఏ లైబ్రరీలో దొరుకుతుంది?

ఇప్పుడు కాగితాల సంగతి. ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్తాను. 2009లో ఒక ప్రచురణకర్తకి 280 పేజీల పుస్తకం అనువాదం చేశాను. అంతా ఫోన్ మాట మీదే. ఆరు నెలలు పట్టింది. డబ్బు తీసుకోవడానికి వెళితే కుర్చీ వేశారు, టీ తెప్పించారు, మేడమ్ మేడమ్ అని ఎంతో మర్యాద చేశారు. ఒక వోచర్ ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఆ మర్యాద ముందు కూర్చుని కాగితం చదవడం బాగుండదనిపించింది. సంతకం పెట్టేశాను. అందులో సర్వహక్కులూ శాశ్వతంగా వాళ్లవేనని ఒక వాక్యం ఉంది. ఆ పుస్తకం నాకు తెలిసి నాలుగు ముద్రణలు వేశారు. రెండో ముద్రణ నుంచీ నాకు ఒక్క రూపాయి రాలేదు. ఈ రోజుకీ పుస్తకాల షాపులో ఆ అట్ట కనిపిస్తే కడుపులో మెలిపెట్టినట్టుంటుంది.

మన 1957 కాపీరైట్ చట్టం రచయితకు చాలా రక్షణ ఇచ్చింది, మనమే చదువుకోం. మీరు ఎవరి దగ్గరా ఉద్యోగంలో లేకుండా రాసినదానికి మొదటి హక్కుదారు మీరే. అనువాదానికీ అంతే, ఆ తెలుగు పాఠం మీద హక్కు మీది. హక్కులు ఇంకొకరికి వెళ్లాలంటే మీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి, ఫోన్ మాట చెల్లదు. ఆ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే అని చట్టం చెబుతుంది, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. నేను ‘శాశ్వతంగా’ అన్న మాట ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి ఇవేవీ నాకు పనికి రాలేదు. మీరు ఆ మాట కనిపిస్తే కొట్టేసి, ‘ఐదేళ్లు, అచ్చు పుస్తకం వరకు’ అని రాసి పంపండి. ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు విడిగా. మీ ఆడియో యాప్‌తో ఏ ఒప్పందం మీద సంతకం పెట్టారో ఈ వారమే తీసి చదవండి. అలాంటి ఒప్పందాలు చాలావరకు మొత్తం హక్కులు తీసేసుకుంటాయి. అలాగైతే మీకు ప్రాణమైన కథల్ని అక్కడ పెట్టకండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్, పాన్‌లతో మీరే చేసుకోవచ్చు, పూర్తిగా ఉచితం. డబ్బడిగే ఏజెంట్లను నమ్మొద్దు. దాంతో మీరు చిన్న సంస్థగా లెక్కకొస్తారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం మీ పని తీసుకున్న కంపెనీ, రాసుకున్న గడువు లోపల, అదీ 45 రోజులు మించకుండా, డబ్బు ఇవ్వాలి. గడువేమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ పడుతుంది, ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పని ఇచ్చేనాటికి రిజిస్ట్రేషన్ అయి ఉండటం ముఖ్యం, కాబట్టి పాత బాకీకి ఇది పెద్దగా ఉపయోగపడకపోవచ్చు. ఇకమీదట ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు వేయండి. నా అనుభవంలో ఆ నంబరున్న బిల్లును అకౌంట్స్ వాళ్లు అడుగున పడేయరు.

పన్ను గురించి రెండే మాటలు. ఏడాదిలో మీకిచ్చే మొత్తం ఒక పరిమితి దాటితే కంపెనీలు మీ బిల్లులోంచి టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కత్తిరిస్తాయి, మామూలుగా పది శాతం. మీ ఆదాయానికి అసలు పన్నే పడదు, కాబట్టి అదంతా మీ డబ్బే, కానీ రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది. వేయకుండా వదిలేసి ఏటా ఆ డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు నాకు తెలుసు.

ఆ 18 వేలు. సోమవారం పొద్దున పదింటికి వాట్సాప్‌లో కాదు, మెయిల్‌లో ఇలా పంపండి: "నమస్తే. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇచ్చిన 18 స్క్రిప్టులకు 18,000 రూపాయలు రావాలి. స్క్రిప్టుల పేర్లు, వీడియోల లింకులు కింద ఇచ్చాను. ఈ నెల 20లోగా ఈ ఖాతాలో జమ చేయగలరు. అప్పటిదాకా కొత్త స్క్రిప్టులు పంపలేను." అంతే. ‘ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి’ అని రాయకండి. ‘ఇంట్లో అవసరం వచ్చి అడుగుతున్నా’ అని అసలే రాయకండి. డబ్బు రావలసింది మీ అవసరం వల్ల కాదు, మీరు పని చేశారు కాబట్టి. పని పోతుందని భయమా? గంటకు 125 వచ్చే పని, అదీ చేతికి రాని పని, పోతే మీకు నెలలో పాతిక ముప్పై గంటలు మిగులుతాయి. ఆ పది మెయిళ్లు పెట్టడానికి సమయం ఎక్కడిదంటే, ఇక్కడిదే.

ఒక నెల 9 వేలు, ఒక నెల 31 వేలు అన్న టెన్షన్‌కి ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. రాత మీద వచ్చే ప్రతి రూపాయి విడిగా ఒక ఖాతాలో పడనివ్వండి. అందులోంచి ఒకటో తారీఖున మీకు మీరే జీతం ఇచ్చుకోండి. ఇప్పటికి 15 వేలు చాలు. 31 వేలు వచ్చిన నెలలో కూడా పదిహేనే. ఆరు నెలల్లో ఆ ఖాతాలో కొంత నిలవ ఉంటుంది, అప్పుడు 30 పైసల పని వద్దని చెప్పడానికి గొంతు వణకదు.

అత్తమ్మ విషయానికొస్తే, ఆమెకి మీ పని కనిపించడం లేదు. డెస్క్‌కి వెళ్లేటప్పుడు చీర కట్టుకుని, బ్యాగు వేసుకుని గడప దాటేవారు, అది పని. ఇప్పుడు మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటున్నారు, అది ఆమె కళ్లకు ఫోన్ చూసుకోవడంలా ఉంటుంది. మంచం మీంచి లేవండి. గోడవైపు ఒక బల్ల, కుర్చీ వేసుకోండి. పది నుంచి ఒంటిగంట వరకు ఆఫీసు అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి, ఆ తర్వాత ఆ టైంకి మీరే కట్టుబడి ఉండండి. మధ్యలో మీరే లేచి పప్పు కడిగితే ఆ మాటకు విలువ ఉండదు. బాబును ఆ మూడు గంటలు ప్లేస్కూల్‌లోనో అంగన్‌వాడీలోనో వేయండి. ప్లేస్కూల్ ఫీజు ఇంటి ఖర్చు కాదు, మీ పని ఖర్చు. ఇంకోటి, మీకెంత వస్తోందో ఆమెకి చెప్పారా? నేను మూడేళ్లు మా అత్తగారికి చెప్పలేదు. ఒకసారి 22 వేల చెక్కు ఆమె చేతికిచ్చి దేవుడి దగ్గర పెట్టమన్నాను. మర్నాడు గుమ్మంలో ఎవరో పిలిస్తే, "కోడలు పనిలో ఉంది, ఒంటిగంటకి రండి" అన్న మాట లోపలికి వినిపించింది.

ఉద్యోగంలో చేరాలా అని అడిగారు. ఇద్దరు పసిపిల్లలతో రాత్రి డెస్క్ డ్యూటీకి తిరిగి వెళ్లమని నేను చెప్పను. అలాగని ఉద్యోగం వద్దనీ అనను. పైన చెప్పినవన్నీ ఆరు నెలలు చేసి చూడండి. గంటకు సగటున 350 దాటకపోతే, నెలకింత అని స్థిరంగా ఇచ్చే పని ఒకటి వెతుక్కోండి, వారానికి రెండు రోజులో మూడు రోజులో. స్కూలు పుస్తకాల సంస్థలు, ప్రచురణ సంస్థలు అలాంటివి ఇస్తాయి. బియ్యం, కరెంటు బిల్లు దాంతో గడిచిపోతే మిగతా రోజుల్లో మీరు ఎంచుకుని రాయవచ్చు. నేను కూడా మధ్యలో నాలుగేళ్లు అలా చేశాను.

మీ కథల గురించి ఎక్కువసేపు ఆలోచించాను. మూడో పేజీ దగ్గరే ఎందుకు ఆగుతున్నాయి? టైం లేకపోవడం ఒక్కటే కారణం అనుకోను. మీ చెయ్యి రోజూ రెండు పనులకు అలవాటు పడి ఉంది. డెస్క్ నేర్పింది, వీలైనంత తొందరగా విషయం చెప్పేయమని. ఆడియో సీరియల్ నేర్పుతోంది, ప్రతి మూడు పేజీలకూ ఒక మలుపు పెట్టి వినేవాణ్ని వేలాడదీయమని. మీ కథ మూడో పేజీకి వచ్చేసరికి ఆ చెయ్యి మలుపు కోసం చూస్తుంది, అక్కడ మలుపు ఉండదు, ఒక ఆడమనిషి నీళ్ల బిందె దించి నిలబడి ఉంటుంది అంతే. అక్కడ ఆగకుండా ఆమెను ఇంకొంచెంసేపు చూడటం ఈ పనుల్లో మరిచిపోయాం. నాకూ ఇదే జరిగింది. నాకు పనికొచ్చిన మందు చాలా మామూలుది. సొంత కథ లాప్‌టాప్‌లో రాయడం మానేశాను. రూళ్ల నోట్‌బుక్, పెన్ను. వారానికి రెండే రోజులు, మంగళ శుక్రవారాలు, పదింటికి ఆఫీసు మొదలయ్యాక మొదటి గంట. ఆ గంట ఎవరికీ అమ్మేది కాదు. ఇందాక గంట లెక్కలు వేశాం కదా, నెలకు వందలో ఎనిమిది గంటలు పక్కన పెట్టినట్టు, 40 వేల లెక్కలో మూడు వేల పైచిలుకు. అంత ఖరీదు పెట్టి కొనుక్కున్న గంటలని తెలిస్తే వాటిలో వాట్సాప్ చూడం. రాత్రి పదకొండింటికి, అందరి పనీ అయిపోయాక కథ ముందు కూర్చోకండి. మిగిలిపోయిన శక్తితో అక్కడికి వెళితే కథకి తెలిసిపోతుంది.

ఆ మూడు పేజీల కథల్లో ఏదో ఒకటి తీసి, ఈ మంగళవారం నాలుగో పేజీ రాయండి. ఏ కథో నాకు చెప్పనక్కర్లేదు.

ఇక స్కూల్ ఫారం. ‘రచయిత్రి, అనువాదకురాలు’ అని రాయండి. ఆ గళ్లో చోటు చాలకపోతే రెండో మాట తీసేయండి.